కాలయంత్రము: పాత ప్రశ్న, క్రొత్త చిత్రము

ప్రసిద్ధమైన చిత్రమును మరల తీయుట తప్పు కాదు. రామకథను మన కవులు ఎన్ని మారులు చెప్పలేదు? హరికథకుడు మొదలు చలనచిత్ర దర్శకుని వరకు ఎవరికి వారు ఆ కథను తమ కాలమునకు తగినట్లు చెప్పుచునే యున్నారు. వినువారును విసుగు చెందలేదు. కావున మరల చెప్పుటలో దోషము లేదు. చెప్పునప్పుడు దేనిని నిలుపుకొంటిమి, దేనిని విడిచితిమి అనునదియే విచారింపదగినది. ఇందుకు మంచి ఉదాహరణము ‘టైమ్ మెషీన్’ అను ఆంగ్ల చిత్రము. ఒకే నవలనుండి పుట్టి, ఒకే పేరుతో 1960లో ఒకటియు, 2002లో మరియొకటియు వెలువడినవి. మొదటిది వైజ్ఞానిక కల్పనా చిత్రములలో ఉత్తమమైనదిగా నేటికిని నిలిచియున్నది. రెండవది చాలమందికి నిరాశ కలిగించినది. కారణమేమి?

మొదట నవల సంగతి. హెచ్. జి. వెల్స్ దీనిని 1895లో ప్రకటించెను. ఒక శాస్త్రజ్ఞుడు తాను నిర్మించిన యంత్రముపై 8,02,701వ సంవత్సరమునకు పోవును. అచ్చట మానవజాతి రెండుగా చీలియున్నది. నేలపై ఈలాయిలు ఏ శ్రమయు లేక పిల్లలవలె ఆడుకొనుచుందురు. నేలక్రింద మార్లాకులు యంత్రములు నడుపుచు, చీకటిలో పైకి వచ్చి ఈలాయిలను పట్టి తిందురు. తరతరములు కూర్చుండి తిన్నవారి సంతతి ఒకటి, తరతరములు నేలమాళిగలలో పాటుపడినవారి సంతతి రెండవది. ఆనాటి ఇంగ్లండులోని ధనికులకును, కార్మికులకును నడుమనున్న అగాధము ఇట్లే పెరిగినచో ఏమగునని వెల్స్ వేసిన ప్రశ్న ఇది. యంత్రము ఆ ప్రశ్నకు వాహనము మాత్రమే.

1960లో జార్జి పాల్ ఈ కథను తెరకెక్కించెను. రాడ్ టేలర్ నాయకుడు. ఆయన 1899 డిసెంబరు 31వ తేదీ రాత్రి బయలుదేరును. వీధికి ఆవల నున్న దుకాణపు కిటికీలో ఒక బొమ్మ. దాని దుస్తులు క్షణక్షణము మారుచుండును. ఏండ్లు గడచుటను ప్రేక్షకునకు తెలుపుటకు ఇంతకంటె తేలికైన ఉపాయము లేదు. 1917లో ఆగినప్పుడు తన ఆప్తమిత్రుడు యుద్ధమున మరణించెనని వినును. 1940లో బాంబులు, 1966లో అణుయుద్ధము. సైరను మ్రోగగా జనులు నేలమాళిగలలోనికి పరుగిడుదురు.

గమనింపవలసినది ఆ సైరను. లక్షల ఏండ్ల తరువాత మార్లాకులు అదే ధ్వనిని వినిపింతురు. ఈలాయిలు మాటలాడక, నిద్రలో నడచువారివలె, భూమిలోనికి పోవు ద్వారమువైపు సాగుదురు. ఒకనాడు ప్రాణరక్షణకై ఏర్పడిన అలవాటు చివరకు ప్రాణము తీయు ఉచ్చు అయినది. మరియొక దృశ్యమున నాయకుడు పుస్తకములకై అడుగును. ఎవరును తాకని ఆ గ్రంథములు చేతిలో పొడియై రాలిపోవును. దానిని చూచి ఆయన పొందిన కోపము మనకును కలుగును.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. జార్జి పాల్ సయితము మూలమును మార్చెను. వెల్స్ చెప్పిన వర్గభేదమును వెనుకకు నెట్టి, తన కాలమువారిని బాధించుచున్న అణుయుద్ధభీతిని ముందు నిలిపెను. ఒక ప్రశ్న తీసివేసినచోట అంతే బరువుగల మరియొక ప్రశ్నను ఉంచెను. అందువలననే పది లక్షల డాలర్లలోపు వ్యయముతో తీసిన ఆ చిత్రము దృశ్యచమత్కృతికి ఆస్కారు బహుమానము పొందుటయే గాక, మనసులలో నిలిచినది.

2002 నాటి చిత్రమునకు సుమారు 8 కోట్ల డాలర్లు ఖర్చయినవి. దర్శకుడు సైమన్ వెల్స్. ఆయన నవలాకర్తకు మునిమనుమడే. చిత్రీకరణ తుదిదశలో ఆయన అలసటచే తప్పుకొనగా గోర్ వెర్బిన్‌స్కీ మిగిలిన భాగమును పూర్తిచేసెను. కథ లండనునుండి న్యూయార్కునకు మారినది. నాయకుని ప్రియురాలు దొంగచేతిలో మరణించును. ఆమెను బ్రతికించుటకే అతడు యంత్రము నిర్మించి వెనుకకు పోవును. దొంగనుండి తప్పించిన ఆమె వీధిలో మరియొక విధముగా మరణించును. గతమును ఏల మార్చలేకుంటిమని తెలిసికొనుటకు అతడు భవిష్యత్తులోనికి బయలుదేరును.

ఈ ప్రశ్న అల్పమైనది కాదు. యముని వెంట నడచిన సావిత్రి కథ మనకు లేదా? అయితే ఈ చిత్రము ఆ ప్రశ్నను ఎత్తుకొని నడుమ విడిచినది. నాయకుని శోకమునకును, ఈలాయిల దుఃఖమునకును ముడి పడలేదు. మార్లాకుల నాయకుడు చివరలో సమాధానము చెప్పును: ఆమె మరణమువలననే యంత్రము పుట్టినది, ఆమె బ్రతికియున్నచో యంత్రమే లేదు, కావున ఆ యంత్రముతో ఆమెను కాపాడుట అసాధ్యము. తర్కము చక్కనిది. కాని ఈ నాలుగు మాటలైన వెంటనే కొట్లాట, ప్రేలుడు, పరుగు. ప్రేక్షకునకు ఆలోచించు వ్యవధి లేదు.

ఇంకొక అవకాశమును కూడ జారవిడిచిరి. ఇందులో లోకము చెడుట యుద్ధమువలన కాదు. చంద్రునిపై నివాసములకై ప్రేలుళ్లు జరుపగా 2037లో చంద్రుడే బ్రద్దలగును. బండలు ప్రేల్చి ప్లాట్లు వేయుటను కనులార చూచుచున్న కుత్బుల్లాపూరు, శామీర్‌పేట వాసులకు ఈ ఊహ వింతగా తోచదు. భూదాహమునకు మేర యెక్కడ? ఇది మన కాలపు ప్రశ్న. చిత్రము దానిని కొన్ని నిమిషములలో దాటిపోయినది. గ్రంథములనన్నిటిని జ్ఞాపకముంచుకొని యుగములు గడపిన కృత్రిమ గ్రంథపాలకుని పాత్ర మాత్రము మెచ్చదగినది. పాత చిత్రమున రాలిపోయిన పుస్తకములకు అది తగిన ప్రత్యుత్తరము.

జీడిమెట్ల కర్మాగారములలో పనిచేయువారికి ఈ సంగతి సులభముగా బోధపడును. పాత యంత్రమునకు మోటారు మార్చవచ్చును, బేరింగులు మార్చవచ్చును, క్రొత్త రంగు వేయవచ్చును. ఏ పనికై అది పుట్టినదో ఆ పని చేయకున్నచో ఆ ఖర్చంతయు వృథా.

మూలమును అనుకరింపకయే దాని సారమును పట్టుకొన్న చిత్రము మన తెలుగులో కలదు. మాటలు లేని ‘పుష్పక విమానము’ తీసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ నిర్మాణమునకు దర్శకత్వము వహించిరి. వెల్స్ నవలనుండి కాలయంత్రమను భావమును మాత్రము గ్రహించి, కథను మన నేలపై నాటిరి. సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలోని వజ్రముతో మొదలై, కథ శ్రీకృష్ణదేవరాయల సభకు పోవును. జంధ్యాల సంభాషణలు, ఇళయరాజా సంగీతము. నందమూరి బాలకృష్ణ రాయలుగను, నేటి యువకునిగను నటించిరి. పాఠ్యపుస్తకములలో చదివిన వైభవము ఎదుట నిలిచినచో మనమేమి చేయుదుము అను కుతూహలము మొదటి సగమును నడపును. పిదప కథ 2504వ సంవత్సరమునకు పోవును. అచ్చట యుద్ధమువలన భూమి పాడై, మనుష్యులు నేలక్రింద బ్రతుకుచుందురు. వినోదమునకు వచ్చిన పిల్లలకు సయితము ఆ దృశ్యము ఒక హెచ్చరిక. 2025 ఏప్రిలులో ఈ చిత్రము మరల థియేటర్లకు వచ్చినది.

రేపు ఎవరైనను ‘ఆదిత్య 369’ను క్రొత్తగా తీయవచ్చును. అప్పుడు యంత్రము ఎంత మెరయుచున్నదని గాక, అది మనలను ఏ ప్రశ్నయొద్దకు చేర్చుచున్నదని ప్రేక్షకులు అడుగవలెను. ఆంగ్ల చిత్రములు రెండింటిని చూడగోరువారు 1960 నాటి దానిని ముందు చూచుట మేలు. చూచునప్పుడు సైరను ధ్వనిని శ్రద్ధగా వినుడు. రెండవ చిత్రమున లోపించినదేమో అప్పుడు తెలియును.