మన చేను పోయినా బీమా ఎందుకు రాదు? ఊరి సగటు లెక్క తెలుసుకుందాం

"పక్క ఊరికి బీమా వచ్చింది, మాకెందుకు రాలేదు?" అని మనలో చాలామంది అడుగుతుంటారు. ఈ వీడియో దాని గురించే.

హైటెక్ సిటీ దాటి నానక్‌రామ్‌గూడ వెళ్తే బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఉంటుంది. బీమా లెక్కలు కట్టేవాళ్లు ఒక్కో రైతును కాదు, ప్రాంతాన్ని చూస్తారు. ఇల్లు కాలితే ఒక్క ఇల్లే పోతుంది. వాన మొహం చాటేస్తే మండలాలకు మండలాలే ఎండుతాయి కదా! అందుకే పాత దిగుబడులు, వానలు చూసి ఏ ప్రాంతంలో పంట ఎంత తరచుగా పోతోందో లెక్కేస్తారు. అనంతపురం వర్షాధార వేరుశనగకూ గోదావరి కాలువ కింద వరికీ ఒకే రేటు కుదరదు. అయినా రైతు కట్టే వాటా మాత్రం పెరగదు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం మించదు. మిగతాది ప్రభుత్వాలు భరిస్తాయి.

పరిహారం ఎలా వస్తుంది? గత 7 ఏళ్లలో మెరుగైన 5 ఏళ్ల సగటు ఎకరాకు 25 క్వింటాళ్లు అనుకుందాం. హామీ 80 శాతం అయితే గీత 20 దగ్గర పడుతుంది. ఈసారి ఊరి సగటు 15 వస్తే 5 తగ్గినట్టు, అంటే బీమా మొత్తంలో 25 శాతం వస్తుంది. సగటు 20 దాటితే, మీ ఒక్కరి చేను పురుగు తినేసినా పైసా రాదు. అదే ఊరు ఎండి, ఘనజీవామృతం, ఆచ్ఛాదనతో మీ చేను నిలబడిందా? పరిహారం మీకూ వస్తుంది.

ఊరి సగటు కోత ప్రయోగాల్లో తేలుతుంది. ప్రధాన పంటకు ఊరికి 4 ప్రయోగాలు చేస్తారు. వరిలో ఒక్కోటి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు మడి. అంత చిన్న మడి మీద ఊరంతటి డబ్బు ఆధారపడి ఉంది! కోత రోజున వెళ్లి దగ్గరుండి చూడండి.

వడగళ్లు పడినా, కోసి ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు అకాల వర్షానికి తడిసినా ఊరి సగటుతో పనిలేదు, మీ చేనే చూస్తారు. కానీ 72 గంటల్లోపు చెప్పాలి.

తెలంగాణ 2020లో ఈ పథకం నుంచి బయటకు వచ్చింది. ఆంధ్రాలో అంతర పంటలు వేసే మన రైతులు ఈ-క్రాప్‌లో తమ ప్రధాన పంట సరిగ్గా నమోదైందో లేదో రైతు సేవా కేంద్రంలో ఒకసారి చూసుకోండి.