మనీలా నార – తిబోలి నేత

ఫిలిప్పీన్స్ అనగానే యీ రోజుల్లో మనవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది డాక్టరు చదువు. మన జిల్లాల నుంచి ఎందరో పిల్లలు మనీలాకో, దావావోకో వెళ్ళి చదువుతున్నారు. అదే మాట రేవుల్లో పని చేసిన పెద్దవాళ్ళనడిగితే "మనీలా తాడు" అంటారు. ఉప్పునీటికి చెడిపోని ఆ తాడుతో ఒకప్పుడు లోకంలోని ఓడలన్నీ కట్టేవారు. ఏ మొక్క నారతో ఓడల మోకులు పేనారో, ఆ మొక్క నారతోనే అక్కడి ఆదివాసీ స్త్రీలు బట్ట నేస్తారు. ఆ బట్ట గూర్చి నాలుగు ముక్కలు చెప్పాలని నా కోరిక. చిట్కి కట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక, మగ్గం మాట వస్తే నాకు కొంచెం పక్షపాతం ఎక్కువ. పాఠక మిత్రులు మన్నించాలి.

ఏడువేలకు పైగా దీవులున్న ఆ దేశాన్ని స్పెయిన్ వాళ్ళు 1565 నుంచి 1898 దాకా ఏలారు. మైదానాల జనం మతమూ మారింది, కట్టూ మారింది. ఉత్తరాన లూజాన్ కొండల్లోని ఇఫుగావో, కళింగా, బొంతోక్ జాతులు, దక్షిణాన మిందనావో దీవిలోని తిబోలి, బ్లాన్, బగోబో, మందాయా జాతులు మాత్రం చాలాకాలం ఆ ఏలుబడికి చిక్కలేదు. వాళ్ళ మగ్గాలు బతకడానికి అదొక ముఖ్య కారణం. కళింగా అనే పేరు చూసి మన కళింగ దేశానికి ముడిపెట్టే ఉత్సాహవంతులు ఉండవచ్చు గానీ, పేరు పోలిక ఒక్కటే ఆధారం కాజాలదు.

ఉత్తరం వాళ్ళది ముఖ్యంగా నూలు నేత. మగవాళ్ళకు గోచీ, ఆడవాళ్ళకు నడుముకు చుట్టుకునే అడ్డబట్ట, చనిపోయినవారికి కప్పే ప్రత్యేకమైన దుప్పటి – వేటి చారలు వాటివే. బసిలాన్ దీవిలోని యాకాన్లు నేతలోనే రంగుదారాలు ఎక్కించి, లెక్క తప్పని కోణాల బుటాలు తీస్తారు. ఒక్కొక్క దానిపైనా ఒక్కొక్క వ్యాసం రాయవచ్చు. స్థలాభావం వల్ల నేను తిబోలి వాళ్ళ "తినాలక్" ఒక్కదానినే తీసుకుంటున్నాను.

తిబోలీలు దక్షిణ కొతబాతో రాష్ట్రంలో సెబు సరస్సు చుట్టుపక్కల కొండల్లో ఉంటారు. తినాలక్‌కు ముడిసరుకు అబాకా అనే మొక్క. చూడటానికి అచ్చం అరటిచెట్టే, అరటికి దాయాది కూడాను. కాయలు మాత్రం తినడానికి పనికిరావు. మన ఇళ్ళల్లో అరటి దొప్ప చీల్చి, ఆ నారతో పూలు కట్టరూ? ఆ సంగతి తెలిసినవారికి అబాకా సంగతి సగం తెలిసినట్టే. బోదె నుంచి పట్టలు ఊడదీసి, కత్తి అంచు కింద గట్టిగా లాగితే కండ రాలిపోయి నార మిగులుతుంది. ఇది బలమైన పని, మగవాళ్ళది. లోపలి పట్టల నార సన్నం, తెలుపు. బయటి పట్టలది ముతక.

ఇక్కడే ఒక విశేషం ఉంది. పత్తిని వడుకుతాం, పురి ఎక్కిస్తాం. అబాకాకు వడకడం లేదు, పురీ లేదు. పోగు పొడుగు ఎంతుంటే అంతే. తర్వాతి పోగును దాని కొసకు ముడివేయాలి. ముడి మిగులు కత్తిరించి, కంటికి కనపడకుండా చేయాలి. ఒక బట్టకు కావలసిన దారమంతా ఇట్లా ముడి తర్వాత ముడి వేసి తయారు చేసిందే. మా అమ్మ ఆసు పోస్తుంటే ఒక్క పోగు తెగినా విసుక్కునేది. అక్కడ పని మొదలయ్యేదే తెగిన పోగులతో!

ఆ పైన వచ్చేది మనకు తెలిసిన విద్యే. పడుగును చట్రం మీద సాగదీసి, రంగు అంటకూడని చోటల్లా దారంతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. పోచంపల్లి, పుట్టపాక వైపు మనం చిట్కి అనేదీ, చీరాల తేలియా రుమాలుకు పడుగు పేక రెండింటికీ చేసేదీ ఇదే. లోకమంతా వాడే "ఇక్కత్" అనే మాట "కట్టడం" అనే అర్థమున్న మలయ్ మాట నుంచి వచ్చిందే. తిబోలీలు పడుగు మాత్రమే కడతారు, పేక అంతా ఒకే రంగు. మొదట తెలుపు, ఎరుపు రావలసిన చోట్లు కట్టి నలుపులో వేస్తారు. తర్వాత ఎరుపు రావలసిన కట్లు విప్పి ఎరుపులో వేస్తారు. చివరిదాకా విప్పని కట్ల కింద నార సహజమైన రంగుతో మిగులుతుంది. నలుపు ఒక చెట్టు ఆకుల నుంచి, ఎరుపు "లోకో" అనే చెట్టు వేళ్ళ నుంచి తీస్తారు. మన బందరు అద్దకంవాళ్ళు చిరివేరుతో ఎరుపు తీసినట్టే. నలుపు బాగా పట్టాలంటే రోజుల తరబడి మరిగిస్తూ ఉండాలి.

మాకు గ్రాఫు కాగితం ఉంది. డిజైను గీసి, గళ్ళు లెక్కపెట్టి, పడుగు మీద గుర్తులు పెట్టి కడతారు మా బాబాయిలు. తిబోలి స్త్రీకి కాగితమూ లేదు, గుర్తులూ లేవు. ఎక్కడ ఎన్ని పోగులు కట్టాలో బుర్రలోనే ఉండాలి. నన్నడిగితే తినాలక్‌లో అసలు అద్భుతం ఇదే.

లోకం మాత్రం మరోదాన్ని అద్భుతమంటుంది. ఈ నేతగత్తెలను "కలల నేతగత్తెలు" అంటారు. అబాకాకు అధిదేవత "ఫు దలు". ఆమె కలలో కనిపించి డిజైను చూపిస్తుందని తిబోలీల నమ్మకం. నేత సాగుతున్నంత కాలం భర్తకు దూరంగా ఉండాలి, బట్టను ఎవరూ దాటకూడదు, ఊరికే కత్తిరిస్తే జబ్బు చేస్తుంది – ఇట్లా ఎన్నో నియమాలు. అందరికీ కలలు రావు. తల్లి దగ్గరా అమ్మమ్మ దగ్గరా నేర్చుకున్న పాత డిజైన్లు నేసేవారే ఎక్కువ. కలను మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. అట్లాగని టూరిస్టు కరపత్రాల్లో కల ఒక్కటే రాసి, ముడుల మాట, లెక్కల మాట రాయకపోవడం అంతకంటే నచ్చదు. కల అంటే ఊరికే వచ్చిందనుకుంటారు, ఊరికే వచ్చినదానికి ధర ఎందుకివ్వాలనుకుంటారు.

మగ్గం సంగతీ వేరే. మన గుంటమగ్గానికి గుంట ఉంది, చట్రం ఉంది. వాళ్ళ మగ్గానికి ఒక కొస ఇంటి నిట్టాడికి, రెండో కొస నేసే మనిషి నడుముకు. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. ఎండవేళ నార ఎండి పుటుక్కున తెగుతుంది కాబట్టి చల్లటి పూటల్లో నేస్తారు. ఒక్క బట్టకు నెలలు పడుతుంది. నేశాక ఉతికి, కర్రతో కొట్టి ముడులు అణచి, గవ్వతో రుద్ది మెరుగు తెస్తారు. పెళ్ళిలో ఇచ్చిపుచ్చుకునే వస్తువుల్లో గుర్రాలు, కంచు గంటలతో పాటు తినాలక్ కూడా ఉండేది.

యీ విద్యలో పేరు పొందినామె లాంగ్ దులాయ్. పన్నెండో ఏట తల్లి దగ్గర మొదలుపెట్టి, సుమారు నూరు డిజైన్లు మనసులో పెట్టుకున్న మనిషి. మబ్బులు, సీతాకోకచిలుకలు, మొసళ్ళు – అన్నీ కోణాలుగా మారి బట్టలోకి దిగేవి. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 1992లో చట్టం చేసి, ఇటువంటి జానపద కళాకారులకు జాతీయ సత్కారం ఏర్పాటు చేసింది. నెల నెలా భత్యం ఇస్తారు. బదులుగా విద్యను పిల్లలకు నేర్పాలి. 1998లో లాంగ్ దులాయ్‌కూ, అబాకాతోనే నేసే బగోబో స్త్రీ సాలింతా మోనోన్‌కూ అది దక్కింది. మోనోన్ 2009లో, దులాయ్ 2015లో కన్నుమూశారు. 2016లో సత్కారం పొందిన బ్లాన్ నేతగత్తె యాబింగ్ మసలోన్ దులో 2021లో పోయింది. కాగితం మీద లేని విద్య ఇట్లాగే ఒక్కొక్కరితో పాటు కొంత కొంత పోతుంది. 2023లో బార్బరా ఓఫోంగ్ అనే మరో తిబోలి నేతగత్తెను ఎంపిక చేశారు. పరంపర తెగలేదన్నమాట.

తెగకపోయినా వడలుతున్నది. 1939 నుంచి ప్రభుత్వమే మైదానాల రైతులను తెచ్చి కొరొనదాల్ లోయలో స్థిరపరిచింది. ఆదివాసీల భూములు క్రమంగా చేతులు మారాయి. భూమి పోతే అబాకా తోట ఎక్కడిది? 1997లో ఆదివాసీ హక్కుల చట్టం వచ్చింది. అందులో భూమి హక్కే గాక, వాళ్ళ సంప్రదాయ విద్యల మీద హక్కు కూడా రాశారు. కానీ డిజైను ఫోటో తీసి మిల్లు గుడ్డ మీద అచ్చు వేసేవాణ్ణి పట్టుకోవడం ఎంత కష్టమో, 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మా పోచంపల్లివాళ్ళకు బాగా తెలుసు.

దావావోలో చదివే మా పెదనాన్న కూతురు సెలవులకొస్తూ నాకొక తినాలక్ పర్సు తెచ్చింది. "ఒరే, ఇది అరటి నారరా!" అంది. మా బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కట్టు బాగా పడింది" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు రాదు. కోయకూడదన్న బట్టను కోసి జిప్పు కుట్టారని నేను నొచ్చుకున్నాను. అక్క ఒప్పుకోలేదు. "నిండు బట్ట ఎవరు కొంటార్రా? పర్సు అమ్ముడైతేనే వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది" అంది. యీ వాదం మా ఇంట్లో ఇంకా తెగలేదు.

మీలో ఎవరైనా ఆ దేశం వెళితే, కొనేముందు మూడు సంగతులు చూడండి. బట్టను తిరగేయండి: రంగు దారానికే పట్టింది కాబట్టి అసలుదానికి రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, అచ్చు వేసినదానికి వెనక వెలిసినట్టుంటుంది. బొమ్మ అంచు చూడండి: కట్టినదైతే కొంచెం మసక ఉంటుంది, గీత గీసినట్టుండదు. చివరగా కళ్ళు మూసుకుని పడుగు వెంట నెమ్మదిగా వేలు పోనివ్వండి. గవ్వతో ఎంత రుద్దినా, అక్కడక్కడా ఒక ముడి తగులుతుంది.