బడికి మనం డబ్బులిస్తే సరిపోతుందా? పేరెంట్స్ కమిటీ అసలు పని ఏంటి?

ఈరోజు ఎపిసోడ్ ఒక వాటర్ ఫిల్టర్ మిషిన్‌తో మొదలుపెడతాను. ఎందుకు అనేది కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

మూడేళ్ళ కింద నేను ఇంకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లోనే ఉన్నాను. మా తుక్కుగూడ చుట్టుపక్కల ఒక సర్కారు బడిలో పిల్లలు ఇంటినుంచే వాటర్ బాటిల్ తెచ్చుకోవడం చూశాను. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, తాగలేరు. నాకేమో ఉత్సాహం ఎక్కువ. ఆఫీసులో ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టాను. వారం రోజుల్లో నలభై రెండు వేలు జమయ్యాయి. ముప్పై ఎనిమిది వేలు పెట్టి మిషిన్ కొన్నాం, మిగిలిన నాలుగు వేలు పైపులకీ ఫిట్టింగ్‌కీ అయిపోయాయి. ఫోటోలు దిగాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం, అంతా హ్యాపీ.

పది నెలల తర్వాత అటువైపు వెళ్తూ బడిలోకి తొంగి చూశాను. మిషిన్ మీద గుడ్డ కప్పి ఉంది. పిల్లలు మళ్ళీ బాటిళ్ళు తెచ్చుకుంటున్నారు. ఫిల్టర్లు మార్చాలి, మెంబ్రేన్ పోయింది, ఖర్చు ఆరు వేలు. ఆ ఆరు వేలు ఎవరివి అనేది ఎవరికీ తెలీదు. అక్కడే బడి కమిటీలో ఉన్న ఒక అక్క నన్ను చూసి అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "తమ్మీ, మిషిన్ తెచ్చినవ్, మంచిదే. తెచ్చేముందు మమ్మల్ని ఒక్క మాట అడిగితే బాగుండు గదా. ఇప్పుడు అది చెడిపోతే మేము ఎవర్ని అడగాలె?"

నా దగ్గర సమాధానం లేదండి. అసలు అక్కడ ఒక కమిటీ ఉందనే నాకు అప్పటిదాకా తెలీదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. ప్రాజెక్ట్ డెలివర్ చేసి పార్టీ చేసుకున్నాం, మెయింటెనెన్స్ ఎవరు చూస్తారో రాసుకోలేదు. అందుకే ఆ కమిటీ ఏంటి, దానికి ఉన్న అధికారం ఏంటి, బడికి డబ్బు ఎలా వస్తుంది, మనం ఇవ్వాలనుకుంటే ఎలా ఇవ్వాలి, ఇవన్నీ కూర్చుని చదివాను. అదే ఈరోజు మీకు చెప్తాను.

ముందు చట్టం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 21వ సెక్షన్ ఏం చెప్తుందంటే, సొంత నిధులతో నడిచే ప్రైవేటు బడులు తప్ప మిగతా ప్రతి బడికీ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. షార్ట్‌గా ఎస్ఎంసీ అంటారు. అందులో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులు, లేదా సంరక్షకులే ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి వాళ్ళ సంఖ్యకి తగ్గ చోటు ఇవ్వాలి.

మన దగ్గర రూల్స్ ప్రకారం ఒక్కో తరగతి నుంచి ముగ్గురు పేరెంట్స్‌ని ఎన్నుకుంటారు. ఆ ముగ్గురిలో కనీసం ఇద్దరు ఆడవాళ్ళు. హెడ్‌మాస్టర్ గారు మెంబర్ కన్వీనర్‌గా ఉంటారు. చైర్మన్ మాత్రం పేరెంట్సే. అంటే కూలికి పోయే అమ్మ కూడా ఆ బడికి చైర్‌పర్సన్ కావచ్చు. బ్యాంకు అకౌంట్ మీద హెడ్‌మాస్టర్ సంతకంతో పాటు ఆమె సంతకం కూడా పడాలి. ఇది చిన్న విషయం కాదండి.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే బడి నిర్వహణలో తల్లిదండ్రులకి చోటిస్తూ ఒక చట్టం చేశారు. అంటే నేను పలక పట్టకముందు నుంచే ఇది నడుస్తోంది. అయినా మనలో చాలామందికి తెలీదు.

మరి ఈ కమిటీ పని ఏంటి? చట్టంలో ముఖ్యంగా మూడు ఉన్నాయి. ఒకటి, బడి ఎలా నడుస్తుందో చూడటం. రెండు, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం. మూడు, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతుందో చూడటం. గమనించారా, చందాలు వసూలు చేయడం అనేది ఈ మూడింట్లో లేదు. కమిటీ అంటే అడిగే హక్కు. మనం మాత్రం కమిటీ అనగానే చందా పుస్తకం అనుకుంటాం.

ఇప్పుడు డబ్బుల లెక్క చూద్దాం. సమగ్ర శిక్ష కింద బడులకి కాంపోజిట్ గ్రాంట్ అని ఏడాదికి ఒకసారి లెక్కగడతారు. ముప్పై మంది లోపు పిల్లలుంటే 10,000. ముప్పై ఒకటి నుంచి వంద దాకా 25,000. నూట ఒకటి నుంచి 250 దాకా 50,000. వెయ్యి దాకా 75,000. వెయ్యి దాటితే లక్ష.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 120 మంది పిల్లలున్న బడి. ఏడాదికి 50,000. ఒక్కో పిల్లకి ఏడాదికి సుమారు 417 రూపాయలు. నెలకి లెక్కేస్తే 35 రూపాయలు కూడా రావు. ఇందులో కనీసం పది శాతం, అంటే 5,000, పరిశుభ్రతకి పెట్టాలి. మిగిలిన 45,000లో చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్న చిన్న రిపేర్లు. ఇప్పుడు చెప్పండి, నా మిషిన్ ఫిల్టర్లకి ఆరు వేలు ఆ హెడ్‌మాస్టర్ గారు ఎక్కడినుంచి తేవాలి? నేను బడికి మిషిన్ ఇచ్చాననుకున్నాను. నిజానికి ఏడాదికి ఆరు వేల ఖర్చు కూడా నెత్తిన పెట్టి వచ్చాను.

పెద్ద పనులు వేరే పథకాల్లో వస్తాయి. తెలంగాణలో 2022 మార్చి 8న వనపర్తిలో 'మన ఊరు మన బడి' మొదలైంది. 26,065 బడులని మూడేళ్ళలో బాగుచేయాలని, 7,289 కోట్లతో ప్లాన్ ప్రకటించారు. అందులో పనులు చేయించే బాధ్యత ఎస్ఎంసీలకి ఇచ్చారు. ఆలోచన మంచిదే, కానీ బిల్లు లేటయితే ఏమవుతుంది? కాంట్రాక్టర్ వచ్చి అడిగేది సంతకం పెట్టిన చైర్మన్‌ని. ఆ చైర్మన్ ఏ ఆటో డ్రైవరో, కూలి చేసుకునే మనిషో. బాధ్యత ఇచ్చినప్పుడు డబ్బు కూడా టైముకి ఇవ్వాలి. లేకపోతే వచ్చేసారి ఎన్నిక పెడితే ఎవరూ ముందుకు రారు.

2024లో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు వచ్చాయి. ఊళ్ళలో అయితే పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్. తుక్కుగూడ 2018లో మున్సిపాలిటీ అయింది కదా, ఇలాంటి టౌన్లలో అయితే ఏరియా లెవల్ ఫెడరేషన్ అధ్యక్షురాలు. పిల్లల తల్లులు మెంబర్లు, హెడ్‌మాస్టర్ కన్వీనర్. తాగునీళ్ళు, టాయిలెట్లు, కరెంటు, చిన్న రిపేర్లు వీళ్ళ చేతికి ఇచ్చారు. యూనిఫామ్ కుట్టే పని కూడా మహిళా సంఘాలకి ఇచ్చారు. దీంట్లో నాకు నచ్చింది ఏంటంటే, పొదుపు సంఘం అక్కలకి తీర్మానం రాయడం, బ్యాంకుకి పోవడం, పుస్తకంలో లెక్క రాయడం అలవాటు. మనం బీటెక్‌లో నేర్చుకోని అకౌంటింగ్ వాళ్ళకి వచ్చు.

అటు ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్ 14న మొదలైన 'నాడు-నేడు'లో కూడా పనులు పేరెంట్స్ కమిటీల ద్వారానే చేయించారు. 2024 డిసెంబర్ 7న రాష్ట్రంలోని సర్కారు బడులన్నింట్లో ఒకే రోజు పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. ప్రభుత్వాలు మారినా, పేర్లు మారినా, పేరెంట్స్ లేకుండా బడి నడవదని అందరూ ఒప్పుకుంటున్నట్టే.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం. అమెరికాలో మన తెలుగువాళ్ళ పిల్లలు చదివే బడుల్లో పీటీఏ అని ఉంటుంది. అది 1897లో వాషింగ్టన్‌లో తల్లుల సంఘంగానే మొదలైంది. కేకులు చేసి అమ్ముతారు, పిల్లలు పరుగు పందెం పెట్టి స్పాన్సర్లని అడుగుతారు, లైబ్రరీలో పుస్తకాలు సర్దుతారు. మన వాళ్ళు అక్కడ సంతోషంగా లైన్లో నిలబడి వాలంటీర్ చేస్తారు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి కూడా అంతే, వారాంతాల్లో తల్లిదండ్రులే టీచర్లయి పిల్లలకి తెలుగు నేర్పిస్తారు. అంటే మనకి చేతకాక కాదు.

కానీ అక్కడ ఒక తేడా కూడా చూడాలి. డబ్బున్న ఏరియాలో పీటీఏ బోలెడంత జమచేస్తుంది, లేని ఏరియాలో చేయలేదు. చందాల మీదే ఆధారపడితే ఉన్న బడికే ఇంకా వస్తుంది. మన దగ్గర ఫార్మాసిటీ, ఫ్యాబ్‌సిటీ, ఔటర్ రింగ్ రోడ్డు అంటాం, కానీ సర్కారు బడిలో చదివేది కూలీల పిల్లలు, వలస వచ్చిన వాళ్ళ పిల్లలు. వాళ్ళని "తలా ఐదొందలు తెండి" అంటే రేపు పిల్లని బడి మానిపిస్తారు. చట్టం కూడా అదే చెప్తుంది. చదువుకి అడ్డొచ్చే ఏ రుసుమూ పిల్లల నుంచి తీసుకోకూడదని 3వ సెక్షన్‌లో ఉంది.

ప్రైవేటు బడి పేరెంట్స్‌కి కూడా ఒక మాట. ప్రకటించిన ఫీజు కాకుండా అడ్మిషన్ కోసం డొనేషన్ అడిగితే దాన్ని క్యాపిటేషన్ ఫీజు అంటారు. 13వ సెక్షన్ ప్రకారం అది నిషేధం, తీసుకున్నదానికి పదింతల దాకా జరిమానా ఉంది. ఇష్టపూర్వకంగా ఇచ్చేది వేరు, సీటు కోసం ఇప్పించుకునేది వేరు.

సరే, మనం నిజంగా సాయం చేయాలంటే ఎలా? నేను తప్పుచేసి నేర్చుకున్నది చెప్తాను, రాసుకోండి.

మొదటిది, ముందు కమిటీని అడగండి. వాళ్ళ ప్రణాళికలో ఏం రాసుకున్నారో చూడండి. మనకి మిషిన్ కనిపిస్తుంది, వాళ్ళకి ఆడపిల్లల టాయిలెట్‌కి తలుపు కావాల్సి ఉండొచ్చు.

రెండోది, తీర్మానం. ఏం కొంటున్నాం, ఎంతకి, ఎవరి బాధ్యత అనేది మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి. చదవడం రానివాళ్ళుంటే బిగ్గరగా చదివి వినిపించి అప్పుడే సంతకం తీసుకోవాలి. ఖాళీ కాగితం మీద ఎవరి చేతా సంతకం పెట్టించొద్దు.

మూడోది, డబ్బు ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకీ పోకూడదు. బడి అకౌంట్‌లోనే పడాలి, రసీదు ఇవ్వాలి. నేను చేసింది తప్పే, నా నంబరుకే వేయించుకున్నాను. నేను నిజాయితీగానే ఉన్నా, అడిగితే చూపించడానికి స్క్రీన్‌షాట్లు తప్ప ఏం లేవు.

నాలుగోది, లెక్క గోడ మీద పెట్టండి. ఎంత వచ్చింది, ఎంత అయింది, ఎంత మిగిలింది. ఎవరు ఎంత ఇచ్చారనే పేర్ల లిస్టు మాత్రం వద్దు. ఇవ్వలేని వాళ్ళ పిల్లలు అదే గోడ పక్కనుంచి క్లాసుకి పోవాలి.

ఐదోది, ఏ వస్తువు ఇచ్చినా మూడేళ్ళ మెయింటెనెన్స్ ఖర్చు కలిపి ఇవ్వండి. అంత లేకపోతే చిన్న వస్తువే ఇవ్వండి.

ఆరోది, డబ్బే కానక్కర్లేదు. కేంద్రం 2021 సెప్టెంబర్ 7న విద్యాంజలి 2.0 అని ఒక పోర్టల్ మొదలుపెట్టింది. బడి తనకి కావాల్సింది అందులో పెడుతుంది, మనం వస్తువుగా గానీ, టైముగా గానీ ఇవ్వొచ్చు. ఇక కంపెనీలు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి పెట్టాలి, అందులో విద్య కూడా ఉంది. మన చుట్టూ కంపెనీలకి కొదవ లేదు. కమిటీ తీర్మానంతో, సరైన కొటేషన్‌తో వెళ్తే కనీసం వింటారు. ఒట్టి చేతులతో వెళ్తే సెక్యూరిటీ గార్డు దగ్గరే ఆగిపోతాం.

చివరిది, నాకు అన్నింటికంటే ఆలస్యంగా అర్థమైంది. మీటింగ్ టైము. పనిరోజు పొద్దున పదకొండు గంటలకి మీటింగ్ పెడితే ఆ అక్క ఒక రోజు కూలి వదులుకోవాలి. మనం ఐదొందలు చందా ఇచ్చామని ఫోటో దిగుతాం, ఆమె మీటింగ్‌కి వచ్చిన ప్రతిసారీ అంతకంటే ఎక్కువ పోగొట్టుకుంటుంది, ఏ బోర్డు మీదా ఆమె పేరుండదు. సాయంత్రం ఆరు తర్వాతో, ఆదివారమో పెట్టండి. తెలుగు రాని వలస తల్లిదండ్రులుంటే హిందీలో చెప్పే ఒకరిని పక్కన కూర్చోబెట్టండి.

మిషిన్ ఏమైందని అడుగుతారు కదా. వెళ్ళి కమిటీ ముందు కూర్చున్నాను, సారీ చెప్పాను. ఫిల్టర్లు మార్పించాం, రెండేళ్ళకి సరిపడా డబ్బు బడి అకౌంట్‌లో వేశాం, తేదీలన్నీ మిషిన్ పక్కనే కాగితం మీద అంటించాం. ఆ తేదీలు చూసుకునేది ఆ అక్కే. మొన్న ఫోన్ చేసి, "తమ్మీ, వచ్చే నెల మార్చాలె, యాదికుందా?" అంది. నాకు యాదికి లేదండి, నిజం చెప్తున్నా.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ పిల్లలు చదివే బడికో, మీరు చదువుకున్న బడికో వెళ్ళి, కమిటీలో ఎవరున్నారు, పోయిన మీటింగ్ ఎప్పుడైంది అని మర్యాదగా అడగండి. డబ్బు సంగతి తర్వాత. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.