కొట్టేసిన పేరు ఎక్కడికి పోతుంది?

అనుబంధాలతో వెలువడే ఓటర్ల జాబితాలో తొలగించిన పేరును మాయం చేయరు. దానిపై ముద్ర వేసి, క్రమసంఖ్యను అలాగే ఉంచుతారు. మరణమా, వలసా అన్నది తొలగింపుల పట్టీలో ఒక్క అక్షరంతో తెలుస్తుంది. మన వాడపల్లిలో బతికున్న మనిషి పేరే పొరపాటున కొట్టేశారనుకోండి. 6వ నంబరు ఫారం పట్టుకెళ్ళే ముందు "ఎందుకు తీసేశారండీ?" అని అడగడానికి ఆ ముద్రే ఆధారం.

కంప్యూటర్‌లో సంగతి వేరు. ఒక డేటాబేసుకు మరోచోట నకలు నడుస్తున్నప్పుడు మూలంలోని ప్రతి మార్పూ చిట్టా ద్వారా అక్కడికి చేరుతుంది. ఇక్కడ ఒక వరుస తుడిస్తే అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది. నకలుంది కదా అని నిశ్చింతగా కూర్చున్నవాడి గతి అంతే!

దీనికి ఉపాయం లేకపోలేదు. 'తుడువు' అన్న ఆజ్ఞ నకలు చేరేసరికి దాన్ని 'తొలగింపు తేదీ వేయి' అన్న ఆజ్ఞగా మార్చాలి. అప్పుడు వరుస నిలుస్తుంది. కాని ఆ గుర్తు చూడకుండా లెక్కపెడితే పోయినవారూ ఓటర్లే అవుతారు! అదే సంఖ్యతో కొత్త వరుస వస్తే పాతదానితో ఢీకొంటుంది కూడా. ఇక రోజూ నకలంతా చెరిపి మళ్ళీ నింపే పద్ధతయితే దాచినవేవీ తెల్లారేసరికి మిగలవు. వాటికి వేరే పట్టిక పెట్టుకోవలసిందే.