తలకు వయసుతో పనేంటి?

ఉద్యోగానికో, చదువుకో జపాన్ వెళ్తున్నారా? అక్కడ రైల్వే స్టేషన్‌కైనా, కాలేజీకైనా చాలామందికి సైకిలే దిక్కు. ఒకప్పుడు 13 ఏళ్లలోపు పిల్లలకు హెల్మెట్ పెట్టించే బాధ్యత మాత్రమే పెద్దలపై ఉండేది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఏ వయసువారైనా పెట్టుకునేందుకు ప్రయత్నించాలని చట్టం మార్చారు. జరిమానా మాత్రం లేదు.

మన దగ్గర హెల్మెట్ నిబంధన బైక్‌లకు, స్కూటర్లకే, సైకిల్‌కు వర్తించదు. అడిగేవాళ్లు లేరు కాబట్టి జుట్టు చెదురుతుందనో, ఫ్రెండ్స్ నవ్వుతారనో మనమూ వదిలేస్తాం. కిందపడితే మాత్రం లోపలి థర్మోకోల్ లాంటి పొర తాను నలిగి, తలకు తగిలే దెబ్బను తగ్గిస్తుంది. అందుకే ఒకసారి గట్టిగా తగిలిన హెల్మెట్‌ను మార్చేయాలి. కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన ఉండేలా పెట్టుకుని, పట్టీ బిగించండి. నాలుగేళ్లు కుస్తీపడి నేర్చుకున్న కోడింగంతా ఉన్నది ఆ తలలోనే కదా!