డాబా మీద అరుంధతి

వేసవి వచ్చిందంటే మద్నూర్‌లో కొత్త జంటలకు పగలంతా ఉక్కపోతే. పదిమంది మసిలే ఇంట్లో ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకునే వీలేదీ? అందుకే పొద్దుగూకాక డాబా ఎక్కాలి!

నీళ్లు చల్లి చాప పరిస్తే సగం వేడి దిగినట్టే. పక్కన రంజన్ నీళ్లు ఉండనే ఉంటాయి. సరిహద్దు దాటితే మహారాష్ట్రే కదా! దెగ్లూర్ నుంచి వచ్చిన కోడలైతే మామిడికాయ ఉడికించి, బెల్లం, యాలకుల పొడి కలిపి పన్హా చేస్తుంది. కర్బూజ ముక్కలు కోసే పని ఆయనది.

ఇక అసలు సరదా ఆకాశంలో ఉంది. పెళ్లిలో పురోహితుడు చూపించిన అరుంధతి మీకు కనిపించిందా? పట్టపగలు ముహూర్తమైతే ఎలా కనిపిస్తుంది! మే నెలలో రాత్రి 9 గంటలకు ఉత్తరం వైపు చూడండి. గరిటె ఆకారంలో సప్తర్షి మండలం ఉంటుంది. కాడ చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు. ఆయన్ని ఆనుకుని మినుకుమినుకుమనేదే అరుంధతి. ఆ వెలుగు మన కంటిని చేరడానికి సుమారు 80 ఏళ్లు పడుతుంది. అంటే, తాతల కాలంలో బయల్దేరిందన్నమాట!

ముందుగా ఎవరు చూస్తే వాళ్లదే గెలుపు. ఓడినవాళ్లు పొద్దున్నే చాయ్ పెట్టాలి. ఖర్చు పైసా లేదు. పగలు చెప్పుకోలేని నాలుగు మాటలు మాత్రం లాభం!