వార్తల్లో పదం: ఘాతాంక వృద్ధి

కరోనా రోజుల్లో కేసులు ‘ఎక్స్‌పొనెన్షియల్‌’గా పెరుగుతున్నాయని పత్రికలు రాశాయి. వేగంగా పెరగడమే ఘాతాంక వృద్ధి అనుకుంటే పొరపాటు. నస్పూర్ పక్కన శ్రీరాంపూర్ గనుల్లో బెల్టు మీద నుంచి బొగ్గు గంటకు ఇన్ని టన్నులని ఒకే లెక్కన పడుతుంటే, గుట్ట ఎంత జోరుగా లేచినా అది రేఖీయ వృద్ధే. ప్రతిసారీ కలిసేది అంతే. ఘాతాంక వృద్ధిలో కలిసేది, అప్పటికే ఉన్నదాన్ని బట్టి పెరుగుతూ పోతుంది.

ఈ తేడా మనకు కొత్తేమీ కాదు: బారువడ్డీది రేఖీయ వృద్ధి, చక్రవడ్డీది ఘాతాంక వృద్ధి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారనుకుందాం. ఏడాది తిరిగేసరికి రెండు లెక్కల్లోనూ బాకీ 1,24,000. తేడాయే కనిపించదు, మోసపోయేది ఇక్కడే. ఏటా వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తూ పోతే అయిదేళ్లకు 2,93,000 దాటుతుంది. బారువడ్డీ అయితే 2,20,000. పదేళ్లకు 3,40,000 ఎక్కడ, దాదాపు 8,59,000 ఎక్కడ! ఇరవై ఏళ్లకు బారువడ్డీ బాకీ 5,80,000. చక్రవడ్డీది 73 లక్షల పైమాటే.

నోటు మీద మళ్లీ సంతకం పెట్టేముందు ఒక్కమాట అడగండి: వడ్డీ అసలులో కలుస్తుందా?